చెవిన పడ్డ రోజు

ఆ ఏడు తై నెలలో, పొంగలి పోయిన కొద్ది రోజులకు, మా తమ్ముడు పాలసామికి పెళ్లి జరిగింది. తమ్ముడు మాత్రం పెళ్లిలో లేడు. స్పెయిన్ దేశపు యుద్ధంలో ఫ్రెంచి దొరల విమానాలకు మరలు బిగిస్తున్నాడు. కనీసం మేమందరం అట్లా అనుకుంటున్నాం.

నేను విరుదునగర్ బజారులో పత్తి, మిరపకాయల వ్యాపారిని. నమూనా చూడకుండా సరుకు కొన్నవాణ్ణి కాను. పిడికెడు పత్తి నలిపానంటే అందులో ఎన్ని నీళ్లు చల్లి తెచ్చారో చెప్పగలను. అలాంటివాణ్ణి పెళ్లికొడుకు లేని పెళ్లికి అన్నగా పీటల పక్కన నిలబడ్డాను. ఇద్దరు పంతగాళ్ల నడుమ ఇరుక్కుంటే బేరగాడి తెలివి ఎందుకూ కొరగాదు. ఆ ఇద్దరిలో ఒకరు మా అమ్మ సుబ్బమ్మాళ్. రెండో ఆయన ఆమె తమ్ముడు, మా మామ అళగర్‌సామి.

మామది కోవిల్‌పట్టి దాటి బండిబాటన పోతే వచ్చే నల్లరేగడి పల్లె. ఆయన కూతురు పాప్పాత్తి పుట్టినప్పుడే పాలసామికని అనుకున్నారు. వాడేమో కోవిల్‌పట్టిలో పత్తి గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీలో ఆయిలింజను దగ్గర పని నేర్చి, అక్కణ్ణించి పాండిచ్చేరి మిల్లుకు పోయాడు. ఆ మిల్లులో దెల్మా అని ఒక ఫ్రెంచి ఇంజనీరు ఉండేవాడు. వెనకటి మహాయుద్ధంలో విమానం నడిపి పోట్లాడినవాడు. దేశానికి తిరిగిపోతూ పాలసామిని వెంట తీసుకుపోయాడు. తూలూజ్ అనే ఊళ్లో విమానాలు చేసే కార్ఖానాలో పెట్టించాడు. స్పెయిన్‌లో యుద్ధం మొదలైతే ఆ దొర తనంతట తాను విమానం వేసుకుని పోయాడు. వీడూ వెంట పోయాడు.

అక్కణ్ణించి ఒక ఫొటో వచ్చింది. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. అందులో విమానం విచిత్రంగా ఉంటుంది. రెక్క మొత్తం ఒకటే, నడిపేవాడి తలకు పైన గొడుగులాగా పరచుకుని ఉంటుంది. గొడుగు కింద దెల్మా దొర తోలు టోపీతో నవ్వుతున్నాడు. చక్రం పక్కన మావాడు, నూనె మరకల చొక్కాతో.

"ఇది బండినా, గొడుగా?" అని అమ్మ వచ్చినవాళ్లందరినీ అడిగేది. "ఎండ పడకుండా బాగనే పెట్టుకున్నారు."

పొంగలి మర్నాడు మామ విరుదునగర్ వచ్చాడు. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

"అక్కా, నీ కొడుకు వస్తాడా, రాడా? ఒక మాట చెప్పు. పాప్పాత్తికి ఈడు మించిపోతుండాది. సాత్తూరులో జిన్నింగు షెడ్డు పెట్టుకున్న ఆయన అడుగుతుండాడు. రెండో పెళ్లయితే ఏమి, ఇంట్లో సొంతంగా ఇంజిను ఉండాది."

"పిల్లను ఇంజినుకు ఇస్తావారా?" అంది అమ్మ.

"నీ కొడుకూ ఇంజిను ఎనకాలనే గదా పోయినాడు!"

"ఇదో చూడు అళగరూ. నా కొడుక్కని అనుకున్న పిల్ల. వాడు వచ్చి 'ఏదమ్మా' అంటే నేను సాత్తూరుకి చెయ్యి చూపించాల్నా?"

"అట్లయితే కట్టించు తాళి. తై దాటితే నేను కాచుకోను."

"మనిషి లేకుండా ఎట్ల కట్టేది?"

మామ ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. "జమీనులో ఏమి చేస్తారు? దొర రాలేకుంటే ఆయన కత్తి వస్తుంది. కత్తిని పీట మీద పెట్టి, పక్కన పిల్లను కూర్చోబెట్టి, దొర తోడబుట్టింది తాళి కడుతుంది. మనమూ ఆ కంబళం కులం వాళ్లమే గదా. మనకు జమీను లేదు, అంతే. ఆచారానికి ఏమి కొదవ?"

"మామా, మన ఇంట్లో ఉండేది కొబ్బరికాయ కొట్టే కత్తి ఒకటే," అన్నాను.

అమ్మ లేచి లోపలికి పోయింది. పాత గుడ్డలో చుట్టిన పెద్ద స్పానరు తెచ్చి మా మధ్య పెట్టింది. కోవిల్‌పట్టిలో పనిచేసేటప్పుడు పాలసామి వాడినది.

"ఇది వాడి చేతిది."

మామ దాన్ని ఎత్తి బరువు చూశాడు. "కత్తీ ఇనుమే, ఇదీ ఇనుమే," అన్నాడు.

"అమ్మా, ఇది మంచి బేరం కాదు. మనిషి ఎట్లున్నాడో తెలియదు, ఎప్పుడొస్తాడో తెలియదు. నమూనా చూడకుండా..."

"నా కొడుకు పత్తిమూటారా నీకు?" అంది అమ్మ.

ఇక ఈ పని ఆపగలిగినది పాప్పాత్తి ఒక్కతే. రైలెక్కి కోవిల్‌పట్టి పోయి, అక్కణ్ణించి బండి కట్టించుకుని పోయాను. ఆమె పెరట్లో కుడితి కలుపుతోంది. మోచేతుల దాకా తవుడు. నన్ను చూసి పైట సర్దుకుంది.

"నీకు ఇష్టం లేకుంటే చెప్పమ్మా. నేను చూసుకుంటాను."

"ఏమి చూసుకుంటావు బావా? సాత్తూరు ఆయన్ని చూసుకుంటావా? ఆయనకు నా అంత కూతురు ఉండాది. నేను పోయి దానికి జడ వెయ్యాల్నా, అది నాకు వెయ్యాల్నా?"

"పాలసామి గురించి నీకేం తెలుసు?"

"ఆయన పోయేటప్పుడు నాకు ముక్కు కారుతుండె. ఇంజిను నూనె వాసన కొడతాడు. అంతే తెలుసు." నవ్వింది. "వస్తాడు గదా. అంతదాకా మా నాయన ఇంట్లో నా పని నేను చేసుకుంటాను. కాచుకోవడం పెద్ద పనా? పత్తి వేసినోళ్లం కాచుకోమా?"

తిరుగు బండి ఎక్కాను. బేరం కుదిరింది. నాది ఒక్కటే తల అడ్డంగా ఊగింది, ఆ ఊపుకు విలువ లేదు.

పెళ్లిలో స్పానరుకు పసుపు రాసి, తలపాగా గుడ్డ చుట్టి, పీట మీద నిలబెట్టారు. అది నిలవదు. ఒకసారి అటు, ఒకసారి ఇటు.

"పెళ్లికొడుకు ఒరుగుతుండాడు, పట్టుకోండే!" అని ఆడవాళ్లు ఒకటే నవ్వు. "ఇప్పుడే ఇట్ల ఒరిగితే ఎట్లమ్మా పాప్పాత్తీ?" పాప్పాత్తి తల వంచుకునే చెయ్యి చాచి దాన్ని నిలబెట్టింది. పందిరి పందిరంతా కేకలు పెట్టింది. మా చెల్లెలు తాయమ్మాళ్, అంటే పాలసామి అక్క, తాళి కట్టింది. ఊరంతా కూర్చుని తిన్నారు. ఊరి పెద్ద వెళ్ళైసామి నాయకర్ రెండోసారి పాయసం పోయించుకుని, "పెళ్లికొడుకు పోరుగడ్డ మీద ఉంటే పెళ్లి అన్నానికి రుచి ఎక్కువ," అన్నాడు.

ఆ తర్వాత నాకు తల ఎత్తడానికి తీరలేదు. తర్వాతి నెల, మాసిలో, పత్తి పగిలింది. ఎన్నికల గోలతో బజారు గోడలు నిండిపోయాయి, బండ్లతో వీధి నిండిపోయింది. ఆ పై నెల పంగుని వచ్చేసరికి మా కొట్టులో మూటలు కప్పుకు తగులుతున్నాయి. మాది ముందు కొట్టు, వెనక ఇల్లు. మూటల వెనక సందులోంచి పోతే వంటిల్లు, దాని వెనక బావి.

అట్లాంటి ఒక పగలు, ఎండ మండుతుండగా, ఒక మనిషి కొట్టు ముందు నిలబడ్డాడు. నల్లగా, పొడుగ్గా, ఈ ఎండలో మందపాటి కోటు వేసుకుని ఉన్నాడు. మెడలో శిలువ. ఎడమ చేతి వేళ్లు రెండు లేవు.

"రామసుబ్బు అన్నాచ్చి?" అన్నాడు అరవంలో. "నా పేరు సవరిముత్తు. ఊరు కారైకాల్. స్పెయిన్ నుంచి వస్తున్నాను. మీ తమ్ముడి గురించి చెప్పాలి."

ఆ గొంతులోనే సగం తెలిసిపోయింది. అయినా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాను. మా బజారులో ఏ మాటా పరీక్షించకుండా లోపలికి రాదు. దూరదేశం కబురు పేరుతో ఇళ్లలో దూరేవాళ్లను నేను ఎరుగుదును. అందుకని అడ్డప్రశ్నలు వేయడం మొదలుపెట్టాను. ఎవరి దగ్గర పనిచేశారు? దెల్మా దొర దగ్గర. విమానం ఎట్లా ఉంటుంది? గొడుగులాగా, దెవ్వాతీన్ అంటారు. అది ఫొటో చూసినవాడెవడైనా చెప్తాడు.

"ఆ విమానాలు ఎవరు అమ్మారు?"

"ఫ్రాన్సులో కొన్నవే అన్నాచ్చి. కానీ మిగతా రాజ్యాలకు జవాబు చెప్పుకోవాలని తుపాకులు పీకేసి పంపారు."

"పోట్లాడే విమానాన్ని తుపాకీ లేకుండానా? అది ఇరుసు తీసేసి బండి అమ్మినట్టు కాదా?"

"ఆమా, అంతే. ఆ ఇరుసు మీ తమ్ముడూ వాళ్లూ బిగించారు. ఒకదాని మర ఇంకొకదానికి సరిపడదు. పడిపోయిన రెండింటిని విప్పి ఒకటి చేసేవాళ్లు. వచ్చిన కొత్తలో వరసగా నిలబెడితే మైదానం నిండుగా ఉండేది. చలికాలానికి మైదానంలో గొర్రెలు మేపుకోవచ్చు."

"దొరలు?"

"కొందరు పెద్ద జీతానికి వచ్చారు. ఒప్పందం తీరగానే పోయారు. కొందరు ఊరికే వచ్చారు. దెల్మా దొర ఊరికే వచ్చినవాడు."

"ఊరికే ఎవడైనా చావడానికి వస్తాడా?"

"మీ తమ్ముడూ అదే అడిగాడు అన్నాచ్చి. దొర నవ్వి సిగరెట్టు ఇచ్చాడు."

నేను ఇంకా నమ్మలేదు. అప్పుడతను మజ్జిగ చెంబు కింద పెట్టి నిమ్మకాయల సంగతి చెప్పాడు.

బండి బయలుదేరేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మనవాళ్ల పద్ధతి. పాలసామి విమానానికీ పెట్టాడట, రెండు చక్రాలకు రెండు. దొరలు చుట్టూ చేరి నవ్వారట. నిమ్మకాయ పెట్టనివ్వని ఒకాయన విమానం ఒక సాయంకాలం తిరిగి రాలేదు. మర్నాటి నుంచి దెల్మా దొర, ఇంజను ఎంత గర్జిస్తున్నా, కింద నిమ్మకాయలు పడ్డాయా అని తల బయటికి పెట్టి చూసుకోనిదే కదిలేవాడు కాడు.

"వలెన్సియా అనే ఊరి పక్క మైదానంలో ఉన్నాం అప్పుడు. చుట్టూ నిమ్మతోటలే, కొదవ లేదు. నేను వంటవాణ్ణి. మూడు రాజుల పండగనాడు అందరికీ చేపలు వండాను. బుట్టలో ఉన్న నిమ్మకాయలన్నీ పిండేశాను. మర్నాడు తెల్లవారీ తెల్లవారకముందే సైరను కూసింది. దొర ఎక్కి కూర్చున్నాడు. మీ తమ్ముడు పరుగెత్తి వచ్చాడు. ఒక్కటే మిగిలింది. 'ఇంకొకటి సవరీ' అన్నాడు. 'దీన్నే కోసి రెండు చేసుకో' అన్నాను. 'కోసింది పనికి రాదు, మా నాయన తిడతాడు' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు అన్నాచ్చి. ఆ ఒక్కటీ పట్టుకుని ఇంకొకటి తెంపుకుందామని తోటలోకి పోయాడు. మొదటి బాంబు తోటలో పడింది."

కోసిన కాయ చక్రం కింద పెడితే, బతికున్నన్నాళ్లూ మా నాయన నిజంగానే తిట్టేవాడు. ఈ మాట మా ఇంట్లోవాళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. అప్పుడు నమ్మాను.

మళ్లీ అడిగాను. "దొర?"

"బాంబులు పడుతుంటే ఎవరు కాచుకుంటారు? లేచిపోయాడు. క్షేమంగా దిగాడు."

"నిమ్మకాయ లేకుండా."

"లేకుండానే." సవరిముత్తు తెగిన వేళ్ల చోటు రుద్దుకున్నాడు. "నా వేళ్లూ ఆ పొద్దునే పోయాయి. మీ తమ్ముణ్ణి ఆ తోటలోనే పూడ్చాం. దొర విరిగిన విమానం పంకా రెక్క ఒకటి తెచ్చి తలవైపు నాటాడు. ఏడ్చాడు. నన్ను ఓడ ఎక్కిస్తూ, ఇంటికి పోయి చెప్పు అన్నాడు."

దుఃఖం రాలేదని చెప్పను. వచ్చింది. కానీ వ్యాపారి బుర్ర, ఏడుస్తూనే తన పని తాను చేస్తుంది. మూడు రాజుల పండుగ ఎప్పుడని అడిగాను. క్రిస్మసు తర్వాత పన్నెండో రోజన్నాడు. అంటే మార్గళి నెల. పొంగలికి ముందు. పెళ్లి పొంగలి తర్వాత. తాయమ్మాళ్ తాళి కట్టేనాటికి ఆ తాళికి మొగుడు లేడు. అంటే అది తాళి కాదు, పసుపుతాడు. పాప్పాత్తి పెళ్లి కాని పిల్ల. మునిగిన పడవలోంచి ఒక్క మూటైనా తడవకుండా బయటికి తీయవచ్చు. ముందు మామ ఊరికి పోయి పెద్దలను కూర్చోబెట్టి, మాట కుదుర్చుకుని, ఆ తర్వాత అమ్మకు చెప్పాలనుకున్నాను.

వెనక బావిలో చేద పడ్డ చప్పుడైంది.

అమ్మ నన్ను అన్నానికి పిలవడానికి వచ్చి మూటల సందులోనే నిలబడిపోయిందట. అంతా విన్నది. ఒక్క మాట అనకుండా తిరిగిపోయి బావి దగ్గర తలకు పోసుకుంది. నేను లేచి పోయేలోపే తడి జుట్టుతో, నీళ్లు కారుతున్న చీరతో, కొట్టులోంచి బయటికి వచ్చి బజారు మెట్టు మీద కూలబడింది. "అయ్యో నా కొడకా" అన్న ఆ కేక విని ఎదుటి కొట్ల తక్కెళ్లు ఆగిపోయాయి. బజారు పెద్దలు వచ్చి, "నువ్వూ పోసుకో నాయనా," అని నన్ను బావి దగ్గరికి నడిపించారు. నాలుగు చేదలు తల మీద పోశారు. ఆ నీళ్లు లెక్కలో ఎక్కడ పడతాయో నాకు అప్పుడు తోచలేదు.

మైల తీరకముందే మామ ఊళ్లో పెద్దలు కూర్చున్నారు. సవరిముత్తును నా వెంట తీసుకుపోయాను. మామ ఇంటి ముందు వేపచెట్టు నీడన చాపలు పరిచారు. పాప్పాత్తి గడప లోపల స్తంభానికి ఆనుకుని నిలబడింది. మెడలో తాళి ఇంకా ఉంది.

వెళ్ళైసామి నాయకర్ సవరిముత్తును అడిగాడు. "తంబీ, నువ్వు కండ్లారా చూసినావా?"

"చూశాను అయ్యా. నా మెడలో శిలువ మీద ఒట్టు."

"ఏ నాడు?"

"మూడు రాజుల పండగ మర్నాడు."

"అది మార్గళి," అన్నాను నేను. "పెద్దాయనా, తాళి కట్టింది తైలో. కట్టేటప్పటికి నా తమ్ముడు లేడు. లేనోడికి పెండ్లాం ఎట్ల అయితుంది? ఈ పిల్లను ముండమోపి అనే హక్కు ఎవరికీ లేదు. తాడు తీసి గంగమ్మలో వేద్దాం. ఇంకో మంచి చోట ఇద్దాం."

"అవును, రామసుబ్బు చెప్పేది న్యాయం," అన్నాడు మామ. ఆయన పట్టిన పంతం అంతా ఆ ఒక్క మాటలో కారిపోయింది.

ముసలాయన చాలాసేపు ఆకు నమిలాడు.

"న్యాయమే. కోర్టులో అయితే నువ్వు గెలుస్తావు. ఒక మాట చెప్పు రామసుబ్బూ. దూరాన పోయినోడికి మనం మైల ఎప్పటినించి పడతాం?"

అప్పుడు తెలిసింది నాకు, కాలు ఎక్కడ పెట్టానో.

"విన్నప్పటినించి," అన్నాను.

"అంటే చెవిన పడ్డ రోజే చావు. మీ అమ్మ ఎప్పుడు తలకు పోసుకునింది?"

"విన్నరోజు."

"నువ్వు?"

"నేనూ."

"పంగునిలో. బజారంతా చూసింది. ఇప్పుడు వచ్చి చావు మార్గళిదంటే ఎట్ల? మార్గళిదయితే మీరు మైలలో పందిరి వేసినారు. మైలలో మాకు ఆకులు వేసినారు. ఊరంతా చావింట్లో పెండ్లి అన్నం తినింది. నేను రెండు తూర్లు పాయసం పోయించుకుంటిని." ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. "కక్కమంటావా?"

ఎవరూ నవ్వలేదు.

"తెలియకుండా తిన్నది తప్పు కాదు. శాంతి చేయిద్దాం. అందరికీ నేనే చేయిస్తాను," అన్నాను.

"శాంతి చేస్తావు సరే," అన్నాడు వెనక వరసలోని మాయాండి. "మా పిల్లలకు సంబంధాలు ఎవరు తెస్తారు? మైల అన్నం తిన్న ఊరని ఎట్టయపురం దాకా చెప్పుకుంటారు."

తలలు ఒక్కొక్కటే ఊగాయి. కొనేవాళ్లంతా ముందే ఒక మాట మీద నిలబడిన రోజు బజారులో ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అమ్మేవాడు గొంతు చించుకోవచ్చు, ధర కదలదు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. పాప్పాత్తిని ఎత్తుకుని తిప్పినవాళ్లే. వాళ్లు తిన్న ఆకులు మైల పడకుండా ఉండాలంటే నా తమ్ముడు పంగుని దాకా బతికి ఉండాలి. అంతే.

"ఆమెను ఒక మాట అడగండి," అన్నాను.

"ఏమని?" అన్నాడు వెళ్ళైసామి నాయకర్, మెత్తగానే. "నీ మొగుడు ఎప్పుడు చచ్చినాడమ్మా అని అడగాల్నా?"

గడప వైపు చూశాను. పాప్పాత్తి స్తంభం వదిలి లోపలికి పోయింది.

సవరిముత్తును కోవిల్‌పట్టి స్టేషన్లో రైలెక్కించాను. కిటికీలోంచి అడిగాడు. "అన్నాచ్చి, నేను రాకుండా ఉంటే ఆ పిల్ల సుమంగళిగానే ఉండేది గదా?"

"కాచుకుంటూ ఉండేది."

"అది మేలా?"

"తెలియదు," అన్నాను. మేలూ కీడూ తూచి చెప్పడమే పనిగా బతికినవాణ్ణి, ఆ మాట అనడం నాకు అలవాటు లేదు. రైలు కదిలింది. ఆ మనిషి తెగిన చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టాడు.

కర్మాంతరం నాడు ఇంకొక చిక్కు వచ్చింది. కత్తి పెళ్లిలో తాళి కట్టిన చెయ్యే తీయాలన్నారు ముసలమ్మలు. తాయమ్మాళ్ నా కాళ్లు పట్టుకుంది.

"అన్నా, నా చేత కాదు. నా చెయ్యి రాదు."

ఏం చేయగలను? ఆడవాళ్ల మధ్యకు మగవాడు పోకూడదు. వాకిట్లో కూర్చుని విన్నాను. గాజులు పగిలిన చప్పుడు విన్నాను. తర్వాత తాయమ్మాళ్ ఏడుపు. "ముడి రాలేదు పాప్పాత్తీ, బిగుసుకోని ఉండాది, కండ్లు కనబడలేదు నాకు." దాని మీద పాప్పాత్తి మాట, నిదానంగా, దూడను అదిలించినట్టు. "వదినా, విడు. నువ్వు ఎట్ల కట్టినావో నాకు తెలుసు. నేనే తీస్తాను."



పంగుని దాటాక, చిత్తిరై నెలలో ఆఖరి పత్తి ఏరతారు. పగిలిన కాయల గూళ్లలో మిగిలిన తెల్లటి పోగులు, సగం గుల్ల. ఏటా ఆ పత్తిని నేను పోయి చూడను, గుమాస్తాను పంపిస్తాను. ఆ ఏడు నేనే పోయాను. మామ ఇంట్లో మంచం మీద పడి ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడడం లేదు. "చేలోకి పో, అది ఆడ ఉండాది," అన్నాడు గోడ వైపు తిరిగి.

కూలి ఆడవాళ్లు అటు చివర వరసగా ఏరుతున్నారు. పాప్పాత్తి విడిగా ఈ చివర ఉంది. రంగు వెలిసిన చీర, బోడి చేతులు. ఒడిలో పత్తి. నన్ను చూసి నడుము నిటారు చేసింది. గట్టు మీద నేను, చాళ్లలో ఆమె. ఎండకు రేగడి పగిలి, కాలు పెడితే చీలమండ దిగేంత నెర్రెలు.

"నాయన తిన్నాడా బావా?"

"పడుకున్నాడు."

తల ఊపింది. రెండు కాయలు ఏరింది. మళ్లీ ఆగింది.

"ఒకటి అడిగితే ఏమీ అనుకోవు గదా?"

"అడుగమ్మా."

"ఆయన మొగం ఫొటోలో చూసినాను. ఆయన ఎట్ల పోయినాడో ఆ కారైకాల్ ఆయన చెప్పినాడు. ఆయన గొంతు ఎట్లుంటాదో మాత్రం నాకు తెలియదు బావా. ఎంత తలుచుకున్నా ఏడుపు రాలేదు. చూసే వాళ్లు అంటుండారు, రాయి అని. ఎవరికోసం ఏడ్చేది? ఒక్క మాటైనా చెవిన పడలేదు గదా."

నిజం చెప్పాను. "నా గొంతు లాగే ఉండేది. చీకట్లో మాట్లాడితే అమ్మ కూడా ఎవరో పోల్చుకోలేకపోయేది."

పాప్పాత్తి నా వైపు చూడలేదు. ఒడి బిగించి కట్టుకుంది. రెండు చేతులూ కిందికి వదిలి, కళ్లు మూసుకుని, వినడానికి సిద్ధపడ్డదానిలాగా నిలబడింది.

"అట్లయితే ఏమన్నా మాట్లాడు బావా."

విరుదునగర్ బజారులో నోటితో బతికేవాణ్ణి నేను. పొద్దున తలుపు తీసింది మొదలు రాత్రి వేసేదాకా ఆగని నోరు. ఆ గట్టు మీద ఒక్క మాట దొరకలేదు. మొగుడు పెళ్లాంతో ఏం మాట్లాడతాడు, మా తమ్ముడు ఈమెతో ఏం మాట్లాడి ఉండేవాడు, నాకేం తెలుసు? ఆమె కాచుకుని నిలబడి ఉంది.

చివరికి నాకు తెలిసిందే మాట్లాడాను. ఆఖరున ఏరిన పత్తికి పోగు పొట్టి అని, ఆకు ముక్కలు ఎక్కువ కలుస్తాయని, పొద్దు ఎక్కాక ఏరితే తేమ ఉండదని, పడమటి చేని పత్తి విడిగా పెట్టమని, గోతాలు నేనే పంపిస్తానని. ఆగితే ఆమె కళ్లు తెరుస్తుందేమోనని భయపడి, ఆగకుండా, పత్తి గురించి చెప్పుకుంటూ పోయాను.